బరువు మోసే నూనె, కలిసి తిరిగే పళ్లు

చిన్నారులకు, తాతయ్య ఆశీస్సులు.

ఆవిరి యంత్రం అనగానే మీకు బొగ్గు రైలింజనే గుర్తొస్తుంది కదూ. ఆవిరి ఇంకా రిటైర్ కాలేదర్రా! రామగుండంలో, విజయవాడ థర్మల్ స్టేషన్‌లో కరెంటు పుట్టించేది ఆవిరి టర్బైనే. టన్నుల బరువున్న దాని ఇరుసు, అంటే రోటర్, నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంది. మరి దాన్ని మోసే బేరింగులు అరిగిపోవా?

అరగవు. అంత వేగంలో లోహాన్ని లోహం తాకదు. మధ్యలో పల్చటి నూనె పొర ఉంటుంది, బరువంతా దాని మీదే. ఇది బయటపడిన తీరు నాకు భలే ఇష్టం. 1883లో ఇంగ్లండులో బీచమ్ టవర్ అనే ఇంజనీరు రైలు ఇరుసు బేరింగును పరీక్షిస్తూ దాని నడినెత్తిన ఒక రంధ్రం చేశాడు. ఇరుసు తిరిగేసరికి అందులోంచి నూనె పైకి తన్నుకొచ్చింది. బెండు బిరడా పెడితే ఊడిపోయింది. చెక్క బిరడా కొడితే అదీ నిలవలేదు. చివరికి ఒత్తిడి కొలిచే గేజీ బిగిస్తే, ముల్లు చదరపు అంగుళానికి 200 పౌండ్లు దాటేసింది! తిరిగే ఇరుసు నూనెను ఇరుకు సందులోకి లాక్కుపోతుంది, ఆ ఇరుకులో ఒత్తిడి పుడుతుంది అని 1886లో ఆస్బర్న్ రేనాల్డ్స్ లెక్కకట్టి చూపించాడు. అందుకే ఎక్కువ బరువు పడే చోట నూనె గాడి తవ్వకూడదు, ఒత్తిడి అందులోంచి జారిపోతుంది.

బయల్దేరేటప్పుడు, ఆగేటప్పుడు మాత్రం ఆ పొర నిలవదు. అందుకని బేరింగు లోపల వైట్ మెటల్ అనే మెత్తటి మిశ్రమలోహం పూత వేస్తారు. నలుసు పడినా తనలో ఇముడ్చుకుంటుంది, అరిగితే తనే అరిగి షాఫ్టును కాపాడుతుంది. పెద్ద టర్బైన్లలో అయితే తిప్పే ముందే పంపుతో నూనె కొట్టి రోటర్‌ను కాస్త పైకి లేపుతారు.

గేర్ల సంగతి వేరు. చక్కెర ఫ్యాక్టరీల్లో చిన్న టర్బైన్ల వేగం తగ్గించడానికి గేర్‌బాక్స్ పెడతారు. రెండు పళ్లు కలిసేది సన్నటి గీత మీదే, ఒత్తిడంతా అక్కడే. బిగించేటప్పుడు ఒక గేరు పళ్లకు నీలం రంగు పూసి తిప్పి, రెండోదాని మీద మచ్చ ఎక్కడ పడిందో చూస్తారు. దీన్నే బ్లూ మ్యాచింగ్ అంటారు. మచ్చ పంటి వెడల్పంతా పరుచుకోవాలి. ఒక అంచునే పడితే రెండు షాఫ్టులు సమాంతరంగా లేనట్టు. అలాగే నడిపితే ఆ అంచే ముందు చిట్లుతుంది.

పళ్ల లెక్కలో కూడా కిటుకుంది. చిన్న గేరుకు 23, పెద్దదానికి 92 పళ్లుంటే చిన్నదాని ప్రతి పన్నూ ఎప్పుడూ అవే నాలుగు పళ్లను కొడుతుంది. ఒక పన్నుకు లోపముంటే ఆ నాలుగూ బలి. 92 బదులు 93 పెడితే గ.సా.భా. 1 అవుతుంది. చిన్నదాని ప్రతి పన్నూ 93 పళ్లనూ కలిశాకే మళ్లీ మొదటిదాని దగ్గరికి వస్తుంది, అరుగుదల అన్నిటికీ సమానంగా పంచుకుంటుంది. మరి 21, 90 పెడితే చిన్నదాని ఒక్కో పన్ను పెద్దదానిలో ఎన్నింటిని కలుస్తుంది? కాగితం మీద వేసి చూసి నాకు రాయండి.

మీ తాతయ్య