‘ఏ కెమెరా కొనమంటారు అన్నా?’: ఒక పెళ్లి ఫొటోగ్రాఫర్ చెప్పే అపోహలు – వాస్తవాలు

మూఢం వచ్చిందంటే మాకు పని తక్కువ, సలహాలడిగేవాళ్ళు ఎక్కువ. ముహూర్తాలు లేని ఆ రోజుల్లో గుంటూరులోని మా స్టూడియో మెట్లెక్కేవాళ్ళలో సగం మందిది ఒకటే ప్రశ్న: "అన్నా, ఏ కెమెరా కొనమంటారు?" నేను "ఏం తీద్దామని?" అంటాను. "అన్నీ" అంటారు. అన్నీ తీసేది కావాలంటే మీ జేబులో ఉన్న ఫోనే మంచిది అంటే ఎగతాళి చేస్తున్నాననుకుంటారు. ఎగతాళి కాదు. కెమెరా డబ్బు పెట్టి కొనేది ఫోన్ తీయలేని ఏదో ఒక్కదాని కోసం. ఆ ఒక్కటి ఏమిటో తేలకుండా షాపుకెళ్తే, ఏం కొనాలో షాపువాడే తేలుస్తాడు.

ఈసారి మూఢంలో ఒక తల్లీకొడుకులు వచ్చారు. కుర్రాడికి ఇరవై రెండో ఇరవై మూడో ఉంటాయి. డిగ్రీ అయిపోయింది, ఫంక్షన్లు తీసి నిలదొక్కుకోవాలని ఆశ. మెడలో కొత్త ఫుల్ ఫ్రేమ్ బాడీ (బొమ్మ పట్టే చిప్పు, అంటే సెన్సర్, పెద్దదిగా ఉండే కెమెరా), దానికి డబ్బాలో వచ్చిన కిట్ లెన్సు. అమ్మ చీటీ పాడిన డబ్బంతా దానికే పోయింది, పైన పన్నెండు నెలల ఈఎంఐ. మేనమామ కూతురి నిశ్చితార్థం తీస్తే ఫొటోలన్నీ ఇసక చల్లినట్టు వచ్చాయట. చుట్టాలు నవ్వారట.

"బాబూ, కెమెరాలో లోపమేమో కాస్త చూడు. షాపువాళ్ళు వెనక్కి తీసుకోం అంటున్నారు" అంటూ ఆవిడ సంచీలోంచి బిల్లు తీసి, మడతలు విప్పి, చేత్తో సాపుచేసి టేబుల్ మీద పెట్టింది. కెమెరాలో ఏ లోపమూ లేదు.

అపోహ: ఫుల్ ఫ్రేమ్ బాడీ కొంటే చాలు, లెన్సు తర్వాత చూసుకోవచ్చు

మనవాళ్ళ జేబులకు ఈ మాట పెట్టినంత చిల్లు ఇంకేదీ పెట్టలేదు. వీడియోల్లో చెప్పేదీ ఇదే, స్నేహితులు చెప్పేదీ ఇదే. "బాడీ మంచిది తీసుకో, లెన్సుదేముంది, నెమ్మదిగా కొనుక్కోవచ్చు." ఆ నెమ్మది ఎప్పటికీ రాదు. ఈఎంఐ తీరేసరికి కొత్త మోడల్ వస్తుంది.

ఆ అబ్బాయికి మాటలతో చెప్పకుండా అక్కడే తీసి చూపించాను. స్టూడియో లైట్లన్నీ ఆపేసి ఒక్క ట్యూబ్‌లైట్ ఉంచాను. అంటే ఊళ్ళో కల్యాణ మండపం పక్కగదిలో, పెళ్లికూతుర్ని చేసేచోట ఉండేపాటి వెలుతురు. వాళ్ళమ్మని కుర్చీలో కూర్చోమన్నాను. ముందు అతని కెమెరాతో. నడుము పైనుంచి ఫ్రేము నిండేలా జూమ్ చేసేసరికి ఆ కిట్ లెన్సు ఎఫ్/7.1కి పడిపోయింది (ఈ ఎఫ్ అంకె పెరిగేకొద్దీ లెన్సులోంచి వచ్చే వెలుతురు తగ్గుతుంది). మనిషి కదిలినా షేక్ రాకుండా షట్టర్ 1/125 సెకను పెడితే ఐఎస్ఓ 12800 అడిగింది. వెలుతురు చాలనప్పుడు పెంచేదే ఐఎస్ఓ, అది పెరిగేకొద్దీ ఫొటోలో ఇసక ఎక్కువ. తర్వాత బీరువాలోంచి నా పాత క్రాప్ బాడీ (చిన్న సెన్సర్ కెమెరా) తీశాను. అంచుల్లో రబ్బరు ఊడిపోయింది, సెకండ్ హ్యాండ్‌లో అడిగేవాడు కూడా లేడు. దానికి 50ఎంఎం ఎఫ్/1.8 పెట్టాను. అదే షట్టర్, అదే మనిషి, అదే కుర్చీ. ఐఎస్ఓ 800.

రెండూ మానిటర్ మీద పక్కపక్కన పెట్టి మెడ దగ్గరికి జూమ్ చేశాను. కొత్త కెమెరా ఫొటోలో ఆవిడ నల్లపూసలు ఒక నల్లటి గీతలా ఉన్నాయి. పాతదానిలో ఏ పూసకా పూస లెక్కపెట్టొచ్చు, మధ్యలో అరిగిన బంగారు గుండుతో సహా. "ఏది నాది?" అని అడిగాడు కుర్రాడు. తెలిసే అడిగాడు.

లెక్క కష్టమేమీ కాదు. ఎఫ్/7.1 నుంచి ఎఫ్/1.8 వరకు నాలుగు స్టాపులు. ఒక్కో స్టాపుకి వెలుతురు రెట్టింపు, అంటే పదహారు రెట్ల వెలుతురు. 12800ని పదహారుతో భాగించండి, 800 వస్తుంది. ఇక సెన్సర్ సంగతి. ఫుల్ ఫ్రేమ్ 36×24 మిల్లీమీటర్లు, క్రాప్ దాదాపు 23×15. వైశాల్యంలో రెండున్నర రెట్ల వరకు తేడా ఉన్నా, నాయిస్‌లో (అదే, ఆ ఇసకలో) దాని లాభం ఒక స్టాపు, ఇంకొంచెం. అంటే ఆ అబ్బాయి ఒక స్టాపు కొనుక్కోవడానికి చీటీ డబ్బంతా పోసి, లెన్సు దగ్గర నాలుగు స్టాపులు వదిలేసుకున్నాడు. ఆ నాలుగూ ఒక 50ఎంఎం ఎఫ్/1.8 కొత్తగా కొన్నా, బాడీ ధరలో చిన్న వంతుకే వచ్చేవి.

ఎఫ్/1.8 మంత్రదండం అనడం లేదు. దగ్గర్నుంచి ఎఫ్/1.8లో తీస్తే పెళ్లికూతురు కన్ను షార్ప్‌గా ఉండి, వెనక నిలబడ్డ అత్తగారు మసకేస్తారు. గ్రూప్ ఫొటోకి ఎఫ్/5.6, ఎఫ్/8 కావాలి, దానికి ఫ్లాష్ కావాలి. ఆ ఫ్లాష్‌కి కూడా అతని దగ్గర డబ్బు మిగల్లేదు.

మరి ఫుల్ ఫ్రేమ్ దండగా? కాదు. నేను వాడేది అదే. కానీ 24-70, 70-200 ఎఫ్/2.8 లెన్సులు చేతికొచ్చాక, రాత్రి ముహూర్తాలకి ఆ ఒక్క స్టాపు కూడా కావాల్సొచ్చాక కొన్నాను. ఫంక్షన్లు తీసేవాడు బాడీలో అసలు చూడాల్సింది ఇంకొకటుంది, రెండు కార్డు స్లాట్లు. కార్డు ఎప్పుడు చెడుతుందో దానికే తెలియదు. జీలకర్ర బెల్లానికి రీటేక్ ఉండదు.

పక్షులు తీయాలనుకునేవాళ్ళకైతే ఈ అపోహ ఇంకా ఖరీదు. మాకు పక్కనే ఉప్పలపాడు. ఊరి చెరువులో చెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు. కిట్ లెన్సు పెట్టిన ఫుల్ ఫ్రేమ్‌తో అక్కడికి వచ్చి, స్క్రీన్‌లో నువ్వుగింజంత పక్షిని చూసుకుని బిక్కమొహం వేసినవాళ్ళని చూశాను. పక్కనే ఒక కాలేజీ పిల్లాడు క్రాప్ బాడీకి పాత 70-300 పెట్టుకుని గూడు నింపి తీసుకుంటున్నాడు. క్రాప్‌లో 300ఎంఎం చూపు 450కి సమానం. అది లోటు కాదు, వరం. కొల్లేరు, పులికాట్ లాంటి చోట్ల పక్షి ఇంకా దూరం, 500 నుంచి 600 కావాలి. డబ్బంతా ఆ లెన్సుకే పోవాలి, బాడీ సెకండ్ హ్యాండ్ అయినా ఫర్వాలేదు. ఎగిరే పక్షికి షట్టర్ 1/1600 పైన ఉండాలి. స్టెబిలైజేషన్ ఉంది కదా అంటారు, అది ఆపేది మీ చేతి వణుకునే, పక్షి రెక్కని కాదు.

గండికోటలో పెన్నా లోయ మీద సూర్యోదయం తీయాలా? ట్రైపాడ్ కొనండి. ఎఫ్/8లో, ఐఎస్ఓ 100లో, ట్రైపాడ్ మీద తీసి మామూలు సైజులో ప్రింట్ వేస్తే ఏది క్రాప్‌తో తీశారో, ఏది ఫుల్ ఫ్రేమ్‌తో తీశారో నాకే తెలియదు. నగలు, వంటకాలు తీయాలంటే 1:1 మాక్రో లెన్సు (చిన్నవాటిని బాగా దగ్గర్నుంచి తీసేది), కిటికీ వెలుతురు, ఒక తెల్ల థర్మాకోల్ షీటు. రీల్స్, యూట్యూబ్ అయితే ముందు మైకు. గొంతు సరిగ్గా వినపడని వీడియోని బొమ్మ ఎంత బాగున్నా ఎవరూ చూడరు. ఇంట్లో పిల్లల్నీ పుట్టినరోజుల్నీ తీయడానికైతే చిన్న క్రాప్ బాడీ, ఒక 35ఎంఎం ప్రైమ్ (జూమ్ లేని లెన్సు). నేను మా ఇంట్లో వాడేది అదే, పెద్దది బ్యాగులోంచి తీయాలంటే బద్ధకం.

అపోహ: ఎక్కువ మెగాపిక్సెల్స్ అంటే ఎక్కువ క్వాలిటీ

"నా ఫోన్ 200 మెగాపిక్సెల్, మీది 24 ఏనా?" అని పెళ్లిళ్ళలో బావమరుదులు అడుగుతూనే ఉంటారు. ఆ 200 ఫోన్ మామూలుగా ఇచ్చేది 12 మెగాపిక్సెల్ ఫొటోనే, పదహారు పిక్సెల్స్‌ని ఒకటిగా కలిపి. 2020లో వచ్చిన కానన్ 1డీఎక్స్ మార్క్ 3, నికాన్ డి6, స్టేడియాల్లో స్పోర్ట్స్ ఫొటోగ్రాఫర్ల కోసం చేసిన ఖరీదైన బాడీలు. రెండూ 20 చిల్లరే. మన ఆల్బమ్‌లో 12×18 అంగుళాల పేజీ నిండా ఒకే ఫొటో వేసినా, 300 డీపీఐకి (అంగుళానికి 300 చుక్కలు) 5400×3600, అంటే 19.4 మెగాపిక్సెల్స్ చాలు. 45 మెగాపిక్సెల్ బాడీ కొన్నవాళ్ళు తర్వాత హార్డ్ డిస్కుల బిల్లు చూసుకోండి.

అపోహ: లెన్సు మౌంట్‌కి పట్టిందంటే పనిచేసినట్టే

ఇది నా సొంత కథ. 2010లో మా పెదనాన్న కూతురి పెళ్లి. అప్పుడు నా దగ్గరున్నది ఎంట్రీ లెవెల్ బాడీ. పెళ్లికి రెండు రోజుల ముందు చవగ్గా వస్తోందని పాత తరం 50ఎంఎం ఎఫ్/1.8 కొన్నాను. షాపులో పెట్టి చూపించాడు, టక్కున లాక్ అయింది. నేను ఇంకేమీ అడగలేదు, అడగాల్సింది నేనే. పెళ్లిలో తెరసెల్లా దించే టైముకి షట్టర్ సగం నొక్కితే లెన్సు కదల్లేదు. మళ్ళీ నొక్కాను. ఉలుకూ పలుకూ లేదు. పంతులుగారు నావైపు చూస్తున్నారు, పెదనాన్న నావైపు చూస్తున్నాడు. చేత్తో రింగు తిప్పి అందాజుగా తీశాను. అక్క మొహం తప్ప అన్నీ ఫోకస్‌లో ఉన్నాయి. వెనక అరటిపిలకతో సహా.

జరిగిందేమిటంటే, నికాన్‌లో పాత ‘డి’ రకం ఆటోఫోకస్ లెన్సులకి సొంత మోటారు ఉండదు, బాడీలో ఉన్న మోటారే వాటిని తిప్పాలి. డి3000, డి5000 వరస బాడీల్లో ఆ మోటారు లేదు. డి7000 వరసలో ఉంది. మిర్రర్‌లెస్‌కి (లోపల అద్దం లేని కొత్త రకం కెమెరాకి) వెళ్తూ "పాత లెన్సులున్నాయిగా, ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ పెడతా" అనేవాళ్ళకీ ఇదే గొయ్యి. పాత నికాన్ లెన్సుని కొత్త బాడీకి తగిలించే ఆ అడాప్టర్‌లో కూడా మోటారు లేదు. సెకండ్ హ్యాండ్ లెన్సు కొనేటప్పుడు మీ బాడీ మీ వెంట ఉండాలి. పెట్టి, ఫోకస్ చేసి, పది ఫొటోలు తీసి, అప్పుడు డబ్బివ్వండి.

ఆ అక్కకి ఇప్పుడు ఇద్దరు పిల్లలు. ఆల్బమ్ తీసినప్పుడల్లా ఆ పేజీ దగ్గర ఆగి, "ఇదిగో, మా తమ్ముడు తీసిన అరటిచెట్టు" అంటుంది.

మిగిలినవి గబగబా

డీఎస్‌ఎల్‌ఆర్ (లోపల అద్దం ఉండే పాత రకం కెమెరా) పని అయిపోయింది, కొంటే పారేసుకున్నట్టే అంటారు. కానన్, నికాన్ 2020 తర్వాత కొత్త డీఎస్‌ఎల్‌ఆర్ బాడీ తేలేదన్నది నిజమే. అందుకే అవి చవకయ్యాయి. నేర్చుకునేవాడికి ఇంతకంటే మంచి కాలం లేదు. బ్యాటరీ కూడా మిర్రర్‌లెస్ కంటే ఎక్కువసేపు వస్తుంది. పిల్లలు పరిగెత్తుతుంటే కంటి మీద ఫోకస్ అతుక్కుని ఉండాలంటే మాత్రం మిర్రర్‌లెస్సే.

షట్టర్ కౌంట్ (ఇప్పటిదాకా తీసిన ఫొటోల లెక్క) లక్ష దాటితే కెమెరా చచ్చినట్టు కాదు. కంపెనీ చెప్పే అంకె అంచనా, ఎక్స్‌పైరీ డేటు కాదు. కౌంట్ చూసి భయపడేవాళ్ళు లెన్సులో ఫంగస్ చూడటం మర్చిపోతారు. వెనక నుంచి టార్చి కొట్టి ముందునుంచి చూడండి, సాలెగూడు పోగుల్లా కనిపిస్తే వదిలేయండి. విశాఖ, కాకినాడ వైపు కొనేవాళ్ళు మరీ జాగ్రత్త. తేమ పోతుందని లెన్సుని బియ్యం డబ్బాలో పెట్టొద్దు, తవుడు దుమ్ము జూమ్ రింగులోకి పోతుంది. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్ చాలు.

సైలెంట్ షట్టర్ (చప్పుడు లేని ఎలక్ట్రానిక్ షట్టర్) ప్రొఫెషనల్ అనుకుని సంగీత్‌లో అదే పెట్టి, ఎల్‌ఈడీ వాల్ ముందు ఫొటోల నిండా చారలు తెచ్చుకున్నవాళ్ళు ఇద్దరు నాకు తెలుసు. మెకానికల్ షట్టర్ పెట్టుకోండి. మన కరెంటు 50 హెర్ట్జ్, లైట్లు మినుకుతుంటే 1/100 దగ్గర ఆగండి.

ఇక ఆ తల్లీకొడుకులు. "అయితే అమ్మేయమంటావా బాబూ?" అని అడిగిందావిడ. వద్దన్నాను. డబ్బా విప్పిన రోజే ధర పడిపోయింది, ఇప్పుడు అమ్మితే చీటీ డబ్బులో మూడో వంతు గాల్లో కలిసినట్టే. బాడీ మంచిదే, దానికి కన్ను లేదంతే. కొత్త ఈఎంఐ ఏదీ పెట్టుకోవద్దని, ముందు సెకండ్ హ్యాండ్‌లో ఒక 50ఎంఎం ఎఫ్/1.8, తర్వాత ఒక ఫ్లాష్ అని కాగితం మీద రాసిచ్చాను. ఆవిడ ఆ కాగితాన్ని బిల్లుతో పాటే మడిచి సంచీలో పెట్టుకుంది.

మూఢం వెళ్ళాక నాకు మొదటి పెళ్లి తెనాలిలో. సెకండ్ కెమెరాకి ఆ కుర్రాడినే రమ్మన్నాను. బాడీ అతనిది, 85ఎంఎం లెన్సు నాది.