మలై కాజా డబ్బాల్లో జర్మన్

మా మేనకోడలు నెల్లూరులో నర్సు. ఉండేది కావలిలో, రోజూ రైల్లో పోయి వస్తుంది. జర్మనీలో నర్సుగా గుర్తింపు రావాలంటే సాధారణంగా బి2 స్థాయి (ఆరు మెట్లలో నాలుగోది) జర్మన్ అడుగుతారు. డ్యూటీల మధ్య క్లాసులకు పోవడం కుదరక సొంతంగా మొదలుపెట్టింది. నెల తిరక్కముందే నోటుపుస్తకం పట్టుకుని మా ఇంటికొచ్చింది. ఒక్కో మాటా పదేసిసార్లు రాసి ఉంది. "రాత్రి అన్నీ వచ్చినట్టే ఉంటది మామయ్యా. పొద్దున రైలెక్కేసరికి ఒక్కటీ గుర్తు రాలా" అంది.

పాపం, తప్పు ఆ పిల్ల బుర్రది కాదు. హెర్మన్ ఎబింగ్‌హౌస్ అనే జర్మన్ శాస్త్రవేత్త అర్థంలేని అక్షరాల ముక్కలు కంఠతా పట్టి, కొంత వ్యవధి తర్వాత మళ్లీ నేర్చుకుంటే ఎంత శ్రమ కలిసొస్తుందో తనమీదే కొలుచుకున్నాడు. 1885లో ఆ లెక్కలు ప్రచురించాడు. గంటకి 44 శాతం మిగిలింది, మర్నాటికి 34. నెల తర్వాత చూస్తే 21. అంటే పోయేదాంట్లో ఎక్కువ భాగం మొదటి రోజే పోతుంది, ఆ తర్వాత జారుడు నెమ్మదిస్తుంది.

మరి పదిసార్లు రాస్తే నిలవదా? 2008లో కార్పికీ, రోడిగర్ అనే అమెరికన్ పరిశోధకులు విద్యార్థులకు 40 స్వాహిలీ మాటలు నేర్పారు. ఒకసారి వచ్చిన మాటల్ని కొందరు మళ్లీ మళ్లీ చదివారు, వాటి మీద పరీక్ష మాత్రం లేదు. ఇంకొందరికి చదవడం ఆపేసి, పరీక్షలే పెడుతూ పోయారు. వారం తర్వాత చదివినవాళ్లకు 40లో మూడోవంతు చిల్లర గుర్తుంది. పరీక్షలు రాసినవాళ్లకు 80 శాతం! నాకు ఇంకా వింతగా అనిపించింది వేరే సంగతి. వారం తర్వాత ఎన్ని గుర్తుంటాయని ముందే అడిగితే అందరూ ఇంచుమించు సగం అనే చెప్పారు. ఏ పద్ధతి పనిచేస్తోందో చదివేవాడికే తెలీదు. "వచ్చినట్టే ఉంటది" అంటే ఇదే.

మన బళ్లలో దీనికి ఎప్పటినుంచో మాట ఉంది: అప్పజెప్పడం. ఎక్కాలు వల్లె వేయడం ఒకటి, పుస్తకం మూసి అయ్యవారి ముందు నిలబడి అప్పజెప్పడం ఇంకొకటి. మా పిల్ల పుస్తకం నిండా మొదటిదే ఉంది.

ఒంటరిగా చదివేవాళ్లు ఎవరికి అప్పజెప్పాలి? సెబాస్టియన్ లైట్నర్ అనే జర్మన్ విలేఖరి 1972లో డబ్బాల పద్ధతి చెప్పాడు. మేం పాత శుభలేఖలు ముక్కలుగా కత్తిరించి, ఒకవైపు తెలుగు, రెండోవైపు జర్మన్ రాశాం. మూడు మలై కాజా డబ్బాలు (ఖాళీవే, కాజాల బాధ్యత నేను తీసుకున్నా). మొదటి డబ్బా రోజూ, రెండోది మూడు రోజులకోసారి, మూడోది వారానికోసారి. చెప్పగలిగిన ముక్క తర్వాతి డబ్బాలోకి పోతుంది, తప్పితే మొదటిదాంట్లోకే. రైలు బిట్రగుంట దాటాక డబ్బా తీసి, నెల్లూరు ముందు పెన్నా వంతెన రాగానే మూసేస్తుంది. ఆదివారం మూడు గంటలు కూర్చోవడం కంటే ఇలా విడివిడిగా తీయడమే మేలు. నైట్ డ్యూటీ వారం మొదటి డబ్బా ఒక్కటే, మిగతావాటికి సెలవు.

జర్మన్‌లో చెంచా పుంలింగం, ఫోర్కు స్త్రీలింగం, కత్తి నపుంసకం. గుర్తుకు రంగు పెన్నులు వాడాం. అమ్మాయి అనే మాట కూడా నపుంసకమేనని నేను ఆశ్చర్యపోతుంటే, "మనం మాత్రం? బస్సు వచ్చింది, అమ్మాయి వచ్చింది. రెండూ ఒకటే గదా!" అంది. అదీ నిజమే. "నైట్ డ్యూటీ ఉంది కాబట్టి" అనే వాక్యంలో వాళ్ల క్రియ కూడా చివరికే పోతుంది. అక్కడ తను తడుముకోలేదు.

తడుముకున్నదల్లా నోటి దగ్గర. బస్సు, కారు, స్కూలు అని ప్రతి మాటకూ అచ్చు తగిలించే నోరు మనది. ఫోన్లో రికార్డు చేసుకుని అసలు ఉచ్చారణ పక్కన పెట్టి వింటోంది. శరదృతువుని వాళ్లు 'హెర్బ్‌స్ట్' అంటారు, మా పిల్ల 'హెర్బ్‌స్టు' అంటుంది. మొదటి డబ్బాలోంచి ఇంకా కదలని ముక్క అదే.