బోర్డు మీద అంకె

ప్రియమైన పిల్లలకు,

క్రిందటి వేసవిలో మా మనవడు పక్క గదిలో ఏదో సీరియల్ చూస్తున్నాడు. వంటింట్లో చపాతీ పిండి కలుపుతున్న నాకు ఉన్నట్టుండి "ఓం భూర్భువస్స్వః" అని వినిపించింది. వీడేమిటి, సంధ్యావందనం పెట్టుకున్నాడా అనుకుని పిండి చేతులతోనే వెళ్లి చూశాను. తెర మీద నల్లటి ఆకాశం, దానిలో ఓడలు, వాటి మీదుగా ఒక అంకె. గాయత్రీ మంత్రాన్ని ఎవరో విదేశీ గొంతుతో మెల్లగా పాడుతున్నారు. "ఆ అంకె ఏమిట్రా?" అని అడిగాను. "బతికి ఉన్నవాళ్లు, అమ్మమ్మా" అన్నాడు. నేను అక్కడే కూర్చుండిపోయాను. ఆ రోజు చపాతీలు ఆలస్యమయ్యాయి.

ప్రపంచం అంతమైపోయాక మిగిలినవాళ్లు ఎలా బతుకుతారో చెప్పే కథలంటే మీకు ఇష్టమని నాకు తెలుసు. ఎవరికి ఎక్కువ తుపాకులున్నాయి, ఎవరు బాగా కొట్లాడతారు అని మీరు వాదించుకోవడం కూడా విన్నాను. అందుకే ఈ ఉత్తరం. మీ వాదనలో ఆ అంకె సంగతి ఒక్కసారి కూడా రాలేదు.

ఆ సీరియల్ పేరు 'బ్యాటిల్‌స్టార్ గలాక్టికా'. 1978 నాటి పాత సీరియల్‌ను రోనాల్డ్ డి. మూర్ కొత్తగా మలిచారు. 2003 డిసెంబరులో మొదలై 2009 మార్చిలో ముగిసింది. మనుషులే తయారుచేసిన సైలాన్లు అనే యంత్రాలు తిరగబడి, మనుషులుండే పన్నెండు గ్రహాలను అణుబాంబులతో నాశనం చేస్తాయి. గలాక్టికా అంతరిక్షంలో తిరిగే ఒక ముసలి యుద్ధనౌక. దాన్ని మ్యూజియం చేయడానికి అప్పుడే వీడ్కోలు సభ కూడా జరిగింది. దాని కమాండర్ అడామా తన ఓడలో కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలపనివ్వని మొండివాడు. శత్రువు కొత్త ఓడల కంప్యూటర్లలోకి చొరబడి వాటిని ఆపేశాడు కానీ, ఈ పాతదాన్ని ఏమీ చేయలేకపోయాడు. దాని వెంట ప్రయాణికుల ఓడలు, సరుకుల ఓడలు కొన్ని కలిశాయి. అన్నింటిలో కలిపి దాదాపు యాభై వేల మంది. మానవజాతి అంటే ఇక అంతే. (ఇది చిన్నపిల్లల సీరియల్ కాదు. కొన్ని భాగాలు చాలా కఠినంగా ఉంటాయి. పెద్దవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని చూడండి.)

ఇప్పుడు నా మనిషి దగ్గరికి వస్తాను. ఆమె లారా రోజ్లిన్, విద్యాశాఖ మంత్రి. దేశాధ్యక్షుడికి ఏదైనా అయితే ఆ పదవి ఎవరికి దక్కాలో చెప్పే జాబితాలో ఆమెది 43వ పేరు. పైనున్న 42 మందిలో ఒక్కరూ మిగల్లేదు. అదే రోజు ఉదయం డాక్టరు ఆమెకు రొమ్ము క్యాన్సర్ అని చెప్పి ఉన్నాడు. ప్రమాణ స్వీకారం చేస్తున్నప్పుడు ఆమె చెయ్యి వణుకుతుంది. ఒకప్పుడు ఆమె బడిలో పాఠాలు చెప్పింది. ఒక పంతులమ్మ చెప్పినట్టు వినాలా అని అడామా మొదట్లో ఈసడించుకుంటాడు. ముప్పై రెండేళ్లు సుద్దముక్క పట్టిన నాకు ఆ మాట గుచ్చుకుంది.

అధ్యక్షురాలైన కొద్ది గంటల్లోనే ఆమె చేసిన ఒక పని చెబుతాను. వెంట వచ్చిన ఓడల్లో ఒకటి ఖైదీలను తీసుకెళుతున్న ఓడ. నేరస్తులకు తిండీ నీళ్లూ దండగ కదా, వాళ్లను ఏం చేద్దాం అనే ప్రశ్న వస్తుంది. రోజ్లిన్ ఒప్పుకోదు. వాళ్లూ మనుషులే అంటుంది. అంతటితో ఆగితే అది మంచి మాటగానే మిగిలిపోయేది. ఆ ఓడలో ఖైదీలు ఎలా ఉన్నారో రోజూ నాకు నివేదిక పంపాలి, అనుమానాస్పదంగా ఎవరైనా చనిపోతే ఆ ఓడకు గలాక్టికా రక్షణ ఉండదు అని కబురు చేస్తుంది. జాలి పడటం ఎవరికైనా వస్తుంది. దాన్ని రోజువారీ హాజరుపట్టీగా మార్చడం పంతులమ్మకే తట్టింది.

ఆమె చేతులు కూడా శుభ్రంగా మిగల్లేదు. కాంతి కన్నా వేగంగా ఒక చోటి నుంచి మరో చోటికి దూకే యంత్రం కొన్ని ఓడలకు లేదు. శత్రువు దగ్గర పడుతున్నాడు. వాటిని వదిలేసి వెళ్లాలి. ఆ ఓడల్లో ఒకటి చెట్లూ తోటలూ ఉన్న ఓడ. అంతకు కాసేపటి ముందే రోజ్లిన్ ఆ ఓడకు వెళ్లి, అక్కడ ఒక చిన్న పాపతో కబుర్లు చెప్పి వచ్చింది. తెలిసిన ముఖం అది. అయినా వెళ్లిపోదాం అని చెప్పింది ఆమే. మొదటిసారి చూసినప్పుడు ఆ ఘట్టంలో నేను లేచి బాల్కనీలోకి వెళ్లిపోయాను.

ఆ తర్వాతి భాగం పేరే '33'. ఓడలు దూకిన ప్రతిసారీ సరిగ్గా 33 నిమిషాలకు సైలాన్లు వచ్చిపడతారు. అప్పటికి 237 సార్లు దూకారు. మీరే గుణించి చూడండి. 7,821 నిమిషాలు, అంటే 130 గంటల పైచిలుకు. అయిదు రోజులకు మించి ఎవరికీ నిద్ర లేదు. పోట్లాటలు, తూలిపోవడాలు, ఒక్క బటన్ నొక్కడానికి రెండుసార్లు ఆలోచించడం... ప్రళయాన్ని ఇంత నిజంగా చూపిన కథ నేను మరొకటి చూడలేదు. ఆ భాగానికి 2005లో, సైన్స్ ఫిక్షన్ కథలకిచ్చే హ్యూగో పురస్కారం వచ్చింది. అందులో ఒలింపిక్ క్యారియర్ అనే ఓడ ఒకసారి వెనకబడిపోతుంది. విచిత్రంగా ఆ తర్వాత సైలాన్లు రారు. కొన్ని గంటలకు ఆ ఓడ తిరిగి వస్తుంది, దాని వెనకే వాళ్లూ వస్తారు. అందులో అణుబాంబు జాడ కనిపిస్తుంది. 1,345 మంది ప్రయాణికులున్నారనుకుంటున్న ఆ ఓడను కూల్చేయమని రోజ్లిన్, అడామా కలిసి ఆజ్ఞ ఇస్తారు.

రోజ్లిన్ గదిలో ఒక తెల్ల బోర్డు ఉంటుంది. బతికి ఉన్నవాళ్ల సంఖ్యను ఆమె తన చేత్తో దాని మీద రాస్తుంది. ఆ భాగం చివర అక్కడ 47,972 ఉంది. సహాయకుడు వచ్చి, ఒక ఓడలో మగపిల్లవాడు పుట్టాడని చెబుతాడు. అంత చావు తర్వాత పుట్టిన బిడ్డ. ఆమె 2 తుడిచి 3 వేస్తుంది. మాటా లేదు, వాద్యాల హోరూ లేదు.

నాకు ఆ క్షణం ఎందుకంత దగ్గరగా అనిపించిందో చెప్పాలి. 2001లో జనాభా లెక్కలకు నాకు డ్యూటీ వేశారు. ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు ఇల్లిల్లూ తిరిగి రాయాలి. 28 రాత్రి ఇల్లు లేనివాళ్లను లెక్కపెట్టాలి. బస్టాండు అరుగు మీద దుప్పటి ముసుగేసుకున్నవాళ్లను టార్చిలైటుతో లేపి పేరు అడిగితే, ఒక ముసలాయన "నా పేరు ఎందుకమ్మా?" అని ఆశ్చర్యపోయాడు. అడిగి చాలా ఏళ్లయిందట. అంతటితో పని అయిపోదు. మార్చి 1 నుంచి 5 వరకు మళ్లీ ప్రతి ఇంటికీ వెళ్లి, మేం వచ్చి వెళ్లాక ఫిబ్రవరి 28 అర్ధరాత్రి లోపల ఎవరైనా పుట్టారా, ఎవరైనా పోయారా అని అడగాలి. ఒక ఇంట్లో పెద్దాయన పేరు కొట్టేశాను. అదే వీధిలో మరో ఇంట్లో, పేరైనా పెట్టని నాలుగు రోజుల పసిగుడ్డుకు ఒక వరుస చేర్చాను. వంద కోట్లకు పైగా జనం ఉన్న దేశంలో ఒకటి కూడితే ఎంత, తీసేస్తే ఎంత? కానీ ఆ వరుస రాస్తున్నప్పుడు ఆ తల్లి నా కలం వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది.

అందుకే ఆ సీరియల్‌లో నాయకత్వం నాకు యుద్ధాల్లో కనబడలేదు. ఎవరు ఎవరిని లెక్కలోకి తీసుకున్నారన్న చోట కనబడింది.

కొంతకాలానికి పెగాసస్ అనే మరో యుద్ధనౌక తారసపడుతుంది. గలాక్టికా కన్నా పెద్దది, కొత్తది. దాని అధికారి అడ్మిరల్ కేన్. మీలో కొందరికి ఆమె తెగ నచ్చుతుంది, నాకు తెలుసు. తడబాటు లేదు, గెలుపు తప్ప మరో మాట లేదు. ఆమెకూ ఒకప్పుడు పౌరుల ఓడలు ఎదురయ్యాయి. వాటిలోని దూకే యంత్రాలను పీకించింది. పనికొచ్చే మనుషులను ఏరి తీసుకుంది. రావడానికి ఒప్పుకోనివాళ్ల కుటుంబాల మీద కాల్పులు జరిపించింది. మిగిలినవాళ్లను నడిసముద్రం లాంటి ఆకాశంలో వదిలేసింది. ఆజ్ఞ పాటించనన్న తన తర్వాతి అధికారిని అందరి ముందే కాల్చేసింది.

రోజ్లిన్ కూడా ఓడలు వదిలేసింది కదా, తేడా ఏమిటి అని మా మనవడు అడిగాడు. మంచి ప్రశ్న. రెండు రోజులు ఆలోచించాను. రోజ్లిన్ తీసుకెళ్లలేనివాళ్లను వదిలింది, ఆ బరువు మోసింది. కేన్ తీసుకెళ్లగలిగినవాళ్లను వదిలింది. ఆమె జాబితాలో మనుషులు లేరు, పనికొచ్చేవాళ్లు మాత్రమే ఉన్నారు. "పనికొచ్చేవాళ్లు" అన్న మాట ఎవరి నోటి నుంచి వచ్చినా చెవులు రిక్కించండి.

అయితే లెక్కలో ఉన్నంత మాత్రాన కూడా సరిపోదని అదే సీరియల్ చూపించింది. మూడో సీజన్‌లో ఇంధనం శుద్ధిచేసే ఓడ కథ ఒకటి వస్తుంది. ప్రళయం నాడు ఆ ఓడలో ఎవరున్నారో వాళ్లే అప్పటి నుంచీ ఆ మసిలో పనిచేస్తున్నారు. సెలవు లేదు, మార్పు లేదు. వాళ్ల పిల్లలు కూడా అదే పనిలోకి దిగుతున్నారు. మనుషులు చాలక, పొలం పని తెలిసినవాళ్లను జాబితా చూసి పంపిస్తారు. ఆ జాబితాలో ఒక కుర్రాడు. చదువు ఖర్చుల కోసం సెలవుల్లో పొలంలో పనిచేశాడు అంతే, భవనాలకు నమూనాలు గీసే ఆర్కిటెక్ట్ కావాలన్నది వాడి కోరిక. ఆ ఓడలో వాడి చెయ్యి యంత్రంలో ఇరుక్కుంటుంది. అదే నిమిషంలో మెకానిక్ టిరోల్ పని ఆపించి సమ్మె ప్రకటిస్తాడు. అడామా అతని భార్యను కాల్చేస్తానని బెదిరించి సమ్మె విరమింపజేస్తాడు. మనం అంతగా నమ్మిన అడామాయే! ఆ తర్వాత రోజ్లిన్ టిరోల్‌ను పిలిచి, ఏం చేస్తే బాగుంటుందో చెప్పు అని అడుగుతుంది. కార్మిక సంఘం మళ్లీ నిలబడుతుంది. ముందే ఎందుకు అడగలేదమ్మా అని నాకు ఆమె మీద కోపం వచ్చింది. బోర్డు మీది అంకెలో ఆ ఓడవాళ్లంతా ఉన్నారు. వాళ్లు ఏ పని చేస్తున్నారో, ఎన్నాళ్ల నుంచి చేస్తున్నారో ఆ అంకె చెప్పదు.

మీతో పోట్లాడే విషయం ఒకటుంది. ఎన్నికల్లో రోజ్లిన్ ఓడిపోతోందని తెలిసి ఆమె మనుషులు ఓట్లు మారుస్తారు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. అడామా ఆ మోసాన్ని పట్టుకుని, వద్దు అంటాడు. ఆమె ఓటమి ఒప్పుకుంటుంది. గెలిచిన బాల్టార్ జనాన్ని ఒక గ్రహం మీద దింపుతాడు, ఏడాదికి సైలాన్లు వచ్చి ఆక్రమిస్తారు. తప్పించుకుని బయటపడేసరికి అంకె 41,435. ఓట్లు మార్చి ఉంటే వేల మంది బతికేవారు కదా అని మా మనవడు గట్టిగా వాదించాడు. నేను అడామా పక్షమే. ఓటు కూడా ఒక లెక్కే. దాన్ని దిద్దిన చెయ్యి రేపు బోర్డు మీది అంకెను దిద్దదని ఎలా నమ్మాలి? వాడికి నా జవాబు నచ్చలేదు. అంత చావును చూశాక నచ్చకపోవడం తప్పు కాదు.

2009 మార్చి 17న న్యూయార్కులో ఐక్యరాజ్యసమితి ఈ సీరియల్ మీద ఒక చర్చ పెట్టింది. మానవ హక్కులు, యుద్ధాల్లో చిక్కుకున్న పిల్లలు, ఇలాంటి విషయాలు మాట్లాడారు. అడామా, రోజ్లిన్ పాత్రధారులు ఎడ్వర్డ్ జేమ్స్ ఓల్మోస్, మేరీ మెక్‌డోనెల్ కూడా వచ్చారు. మనం ఇంట్లో పడుతున్న వాదనలు అక్కడా పడ్డారన్నమాట.

మీరు ఈ సీరియల్ చూస్తే ఒక నోటుపుస్తకం దగ్గర పెట్టుకోండి. మంత్రం వినిపించగానే తెర మీది అంకె రాసుకోండి. క్రిందటి భాగంలో ఎంత ఉందో చూడండి. తగ్గితే ఎవరు తగ్గారో పక్కన రాయండి. పేరు తెలియకపోతే "ఇంధన ఓడ కుర్రాడు" అన్నట్టు, గుర్తుపట్టేలా రాయండి. నేను అలాగే రాశాను, వేసవి సెలవులకు వచ్చినప్పుడు చూపిస్తాను. కథ చివరికి అంకె నలభై వేల లోపుకు వచ్చేసింది. ఒక్క గడి మాత్రం పూరించలేకపోయాను. చెట్ల ఓడలో ఆ పాపతో పాటు ఎంతమంది ఉండిపోయారో నాకు దొరకలేదు. అక్కడ "పాప" అని రాసి, పక్కన ఖాళీ వదిలేశాను.

ఆశీస్సులతో,
మీ అమ్మమ్మ