ఆఖరి రోజు బిల్లు వద్దన్న రాజ్యాంగం

2024 మే 19, ఆదివారం రాత్రి. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్ర రాజధాని సెయింట్ పాల్‌లో ప్రతినిధుల సభ అరుపులతో దద్దరిల్లింది. పన్నుల బిల్లు పేరుతో సభ ముందుకొచ్చిన కట్టలో 1,400కు పైగా పేజీలున్నాయి. రవాణా, ఇంధనం, ఆరోగ్యం అంటూ విడివిడిగా రావలసిన వ్యవహారాలన్నీ అందులోనే ఉన్నాయి. చదవడానికైనా వ్యవధి ఇవ్వరా అని ప్రతిపక్షం గగ్గోలు పెట్టింది. అర్ధరాత్రి పన్నెండు కొట్టకముందే బిల్లు నెగ్గింది.

ఇందులో చిత్రం ఏమిటంటే, సమావేశాలకు ఆఖరి రోజు ఆ ఆదివారం కాదు, మర్నాడు సోమవారం. చేతిలో ఇంకో రోజు ఉండగా ఈ తొక్కిసలాట ఎందుకంటే, వాయిదాకు నిర్ణయించిన రోజున ఏ సభా బిల్లు ఆమోదించకూడదని ఆ రాష్ట్ర రాజ్యాంగంలో ఉంది. ఈ మాట నిన్న మొన్న రాసింది కాదు. 1857లో రాసుకున్న తొలి రాజ్యాంగంలోనే ఉంది. ఆఖరి రోజు హడావిడిని అరికట్టాలని పెట్టుకున్న నిబంధన అది. హడావిడి తగ్గలేదు, ఒక రోజు ముందుకు జరిగింది.

పందొమ్మిదో శతాబ్దపు రాష్ట్ర శాసనసభలకు ఆఖరి రోజంటే అంత భయం ఎందుకో తెలియాలంటే ఆ సభలు నడిచిన తీరు చూడాలి. సభ్యులు ఏడాది పొడవునా రాజకీయం చేసేవాళ్లు కారు. రైతులు, న్యాయవాదులు, దుకాణదారులు. చలికాలంలో కొన్ని వారాలు రాజధానిలో బసచేసి, రోజుకు ఇంతని భత్యం తీసుకుని, దుక్కుల వేళకు ఇల్లు చేరాలని చూసేవాళ్లు. మిన్నెసోటాలో మొదటి సమావేశాలకు రాజ్యాంగం ఖరారు చేసిన భత్యం రోజుకు 3 డాలర్లు. ఆ కొద్ది వారాల్లో వాళ్ల ముందుకు వచ్చేవి పెద్ద చట్టాలే అనుకుంటే పొరపాటు. ఫలానా రేవులో పడవ నడుపుకునే హక్కు ఫలానావాడికి, ఫలానా ఊరికి పురపాలక హోదా, ఒక దంపతులకు విడాకులు, ఒకాయనకు పేరు మార్పు. ఒక్కో పనికీ ఒక్కో బిల్లు. ప్రతి సభ్యుడి జేబులోనూ తన ఊరి బిల్లు ఒకటి ఉండేది. ‘నా దానికి నువ్వు చెయ్యెత్తు, నీ దానికి నేనెత్తుతాను’ అనే బేరాలన్నీ చివరి వారానికే పక్వానికి వచ్చేవి.

పైగా అంతా చేతిరాత. సభ ఆమోదించిన బిల్లును సవరణలతో సహా గుమాస్తా సిరాతో శుద్ధ ప్రతిగా రాయాలి. దాన్ని ఒక సంఘం మూలంతో పోల్చి సరిచూడాలి. తర్వాత ఉభయ సభల అధ్యక్షులు సంతకాలు పెట్టాలి, గవర్నరుకు చేరాలి. టైపు యంత్రం లేని రోజుల్లో పదుల కొద్దీ బిల్లులు ఒక్కసారిగా వచ్చి పడితే గుమాస్తాల చేతులు పడిపోయేవి. సంతకం పడే ప్రతి ఒక్కటే. అది దొరక్కపోతే చట్టం లేదు.

ఈ కిటుకును జోసెఫ్ రోలెట్ కంటే బాగా వాడుకున్నవాడు లేడు. అప్పటికి మిన్నెసోటా ఇంకా రాష్ట్రం కాదు, కేంద్రం పాలనలోని ప్రాంతం మాత్రమే. 1857 ఫిబ్రవరిలో రాజధానిని సెయింట్ పాల్ నుంచి సెయింట్ పీటర్‌కు తరలించే బిల్లు వచ్చింది. సెయింట్ పీటర్‌లో స్థలాలున్న కంపెనీ దాని వెనుక ఉంది. ఆ కంపెనీలో గవర్నరు విల్లిస్ గోర్మన్‌కూ వాటా ఉంది. బిల్లు మండలిలో 8-7తో, దిగువ సభలో 20-17తో నెగ్గింది. మిగిలింది శుద్ధ ప్రతి, సంతకాలు.

శుద్ధ ప్రతుల సంఘానికి అధ్యక్షుడు రోలెట్. కెనడా సరిహద్దున ఉన్న పెంబినా నుంచి కుక్కలు లాగే బండి మీద సభకు వచ్చే బొచ్చుతోళ్ల వ్యాపారి, సరదా మనిషి, సెయింట్ పాల్ పక్షం. ఫిబ్రవరి 27న బిల్లు ఆయన చేతికి వచ్చింది. మర్నాడు మండలిలో ఆయన కుర్చీ ఖాళీగా ఉంది. బిల్లూ లేదు.

తరలింపు పక్షం వాళ్లు ఇంకో ప్రతి రాయించుదామన్నారు. ఎదుటి పక్షం వెంటనే హాజరు పిలుపు కోరింది. పిలుపు అమల్లో ఉన్నంతసేపు తలుపులు మూసేస్తారు, గైర్హాజరైన సభ్యుణ్ణి తీసుకొచ్చేదాకా మరో పని సాగదు. పిలుపు ఎత్తేయాలంటే మూడింట రెండు వంతుల ఓట్లు కావాలి. మండలిలో ఉన్నది 15 మంది, రోలెట్ పోగా 14. ఓటింగు పెడితే ఎత్తేయాలన్నవాళ్లు 9, వద్దన్నవాళ్లు 5. పద్నాలుగులో మూడింట రెండు వంతులంటే తొమ్మిదికి కాస్త పైన, అంటే పది మంది కావాలి. తొమ్మిది సరిపోతాయని తరలింపు పక్షం నాయకుడు వాదించాడు. అధ్యక్షుడు జాన్ బ్రిస్బిన్ ఒప్పుకోలేదు. తాను యేల్‌లో చదివిన లెక్కల్లో అలా లేదని ఆయన అన్నట్టు అక్కడివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఒక్క ఓటు తక్కువై మండలి 123 గంటలు అలాగే ఉండిపోయింది. ఐదు రోజులకు పైమాటే. సభ్యులకు మంచాలు లోపలికే వచ్చాయి, భోజనాలు లోపలికే వచ్చాయి. మన సభల్లో మార్షల్ లాంటి ఉద్యోగి ఒకరు రోలెట్ కోసం ఊరంతా గాలిస్తున్నట్టు కబుర్లు మోసుకొచ్చేవాడు. రోలెట్ మాత్రం ఊరు దాటలేదు. అదే ఊళ్లో ఫుల్లర్ హౌస్ అనే హోటల్ గదిలో పేకాడుతూ కూర్చున్నాడని ప్రతీతి. సమావేశాల గడువు తీరిపోతుండగా తాపీగా సభలోకి నడిచొచ్చాడు.

రాజధాని బిల్లు, ఎగువసభ, అధ్యక్షుడి నిర్ణయం అనగానే మనవాళ్లకు 2020 జనవరిలో ఆంధ్రప్రదేశ్ శాసనమండలి గుర్తురాక మానదు. అక్కడ బిల్లులు సెలెక్ట్ కమిటీకి వెళ్లాయి. రోలెట్ కాలంలో జేబులోకి వెళ్లింది. గోర్మన్ ఊరుకోలేదు, మరో ప్రతి మీద సంతకం పెట్టాడు. ఆ ఏడాది జూలైలో న్యాయమూర్తి రెన్సెలర్ నెల్సన్ అది చట్టమే కాదని తేల్చేశాడు. సెయింట్ పీటర్‌కు రాజధాని దక్కలేదు. కొన్నేళ్ల తర్వాత, 1866లో, రాష్ట్రపు మొదటి మానసిక చికిత్సాలయం దక్కింది.

ఆఖరి రోజు బిల్లును అటకెక్కించడానికే కాదు, సభ ముగియకుండా ఆపడానికీ పాకులాడినవాళ్లున్నారు. వాళ్లలో అందరికంటే పేరున్నవాడు అబ్రహాం లింకన్. 1840 డిసెంబరు 5, ఇల్లినాయ్ రాష్ట్రం, స్ప్రింగ్‌ఫీల్డ్. కొత్త సభాభవనం పూర్తికాక సభ ఒక చర్చిలో జరుగుతోంది. 1837 ఆర్థిక సంక్షోభంలో స్టేట్ బ్యాంకు తన నోట్లకు బదులు వెండి, బంగారు నాణేలు ఇవ్వడం ఆపేసింది. తర్వాతి సమావేశాలు ముగిసేదాకా చట్టం ఆ వెసులుబాటును పొడిగించింది. మామూలు సమావేశాలకు రెండు వారాల ముందే గవర్నరు ప్రత్యేక సమావేశాలు పిలిచాడు. డెమోక్రాట్లు దీన్ని పట్టుకున్నారు. ప్రత్యేక సమావేశాలను ఆ శనివారమే నిరవధికంగా వాయిదా వేస్తే ‘సమావేశాలు ముగిసినట్టే’ కదా, బ్యాంకు నాణేలు బయటపెట్టాల్సిందే. బ్యాంకును కాపాడాలనుకున్న విగ్ పార్టీ వాళ్లు కోరం లేకుండా చేయడానికి సభ ఎగ్గొట్టారు. ఓట్ల లెక్క పేరుపేరునా అడిగేందుకు లింకన్‌తో పాటు ఒకరిద్దరు మాత్రం లోపల ఉన్నారు.

మార్షల్ ఊళ్లో పడి సభ్యులను పోగుచేసుకొచ్చాడు. కోరం కుదిరిందని గ్రహించి లింకన్ బృందం తలుపు వైపు నడిస్తే అది మూసి ఉంది. కిటికీ తెరిచి దూకేశారు. ఏం లాభం, వాళ్ల హాజరు అప్పటికే నమోదైపోయింది. సభ వాయిదా పడింది. దూకినందుకు లింకన్‌కు దెబ్బ తగల్లేదా అంటే, ఆయన కాళ్లు కిటికీ నుంచి నేలదాకా ఇంచుమించు అందుతాయి కదా అని ఎదుటి పక్షం పత్రిక ఎకసెక్కం చేసింది. కొత్త భవనానికి ఇంకో అంతస్తు లేపితే ఇలా దూకేవాళ్లు ఉండరని సలహా కూడా ఇచ్చింది. ఎంత గొడవపడినా ఆ బ్యాంకు 1842లో కూలిపోయింది.

ఇలాంటివి చూసి చూసి విసిగిన జనం రాజ్యాంగాలు తిరగరాసుకున్నారు. ఒక చట్టానికి ఒకే విషయం ఉండాలన్న సూత్రాన్ని న్యూజెర్సీ 1844లో పెట్టుకుంది. సమావేశాల చివరి రెండు రోజుల్లో గవర్నరుకు బిల్లు పంపకూడదని ఇండియానా 1851లో రాసుకుంది. ఓటు వేయడానికి మూడు రోజుల ముందే అచ్చు ప్రతి సభ్యుల బల్లల మీద ఉండాలని న్యూయార్క్ 1894లో నిర్ణయించింది. గవర్నరు అత్యవసరమంటే అదీ లేదన్న మినహాయింపు వెంటే పెట్టింది. ఈ మినహాయింపులే అసలు కథ అనిపిస్తుంది నాకు.

మిన్నెసోటా దారి మరీ వింతైనది. 1857 వేసవిలో రాజ్యాంగం రాయడానికి కూర్చున్న రిపబ్లికన్లు, డెమోక్రాట్లు ఒకరి ముఖం ఒకరు చూడలేక వేర్వేరు గదుల్లో వేర్వేరుగా రాశారు. చివరికి రాజీపడినా ఒకే కాగితం మీద సంతకాలు పెట్టలేదు, రెండు ప్రతులు తయారయ్యాయి. ఆఖరి రోజు నిషేధం అందులోదే. ఒకే చట్టానికి ఒకే విషయం అన్న సూత్రమూ అందులోనే ఉంది. తర్వాత సమావేశాలను 60 రోజులకు కుదించారు. 1877 సవరణతో రెండేళ్లకోసారి చేశారు. చాలడం లేదని 1888లో 90 రోజులకు పెంచుతూ, చివరి 20 రోజుల్లో గవర్నరు రాతపూర్వకంగా కోరితే తప్ప కొత్త బిల్లు పెట్టరాదన్నారు. పడవ రేవుల వంటి ప్రత్యేక చట్టాలను 1881లో, 1892లో రెండు సవరణలతో కట్టడి చేశారు. రోజులు తగ్గించడమే హడావిడికి అసలు కారణమని ఎవరికీ తట్టలేదో, తట్టినా ఒప్పుకోలేదో!

గడియారంతో ఆడుకోవడం ఇంకో మార్గం. అమెరికా సెనేట్‌లోనే దీనికి సాక్ష్యం ఉంది. 1831లో బాలుడిగా కొలువులో చేరిన ఐజాక్ బాసెట్ సమావేశాల గడువు రోజున పొడుగాటి కర్రతో గోడ గడియారం ముల్లు వెనక్కి తోస్తున్నట్టు ఒక చిత్రపటం ఉంది. రాష్ట్రాల సభల్లోనూ ఇదే తంతు. ఎవరైనా కోర్టుకెక్కితే సభ చిట్టాలో ఏ తేదీ ఉంటే అదే తేదీ అని చాలాచోట్ల న్యాయమూర్తులు చేతులు దులుపుకున్నారు.

మిన్నెసోటా నిబంధనలో ఒక వెసులుబాటు 1857 నుంచీ ఉంది. ఆఖరి రోజున ఓటు వద్దు కానీ శుద్ధ ప్రతి రాసుకోవచ్చు, సంతకాలు పెట్టుకోవచ్చు, గవర్నరుకు పంపుకోవచ్చు. అందుకే ఆదివారం అర్ధరాత్రి దాటాక సోమవారం మిగిలేది ఒకప్పటి రోలెట్ సంఘం పనే: ఏది నెగ్గిందో సరిచూసి, శుద్ధ ప్రతి తీసి, సంతకాలకు పంపడం.