అంటిన రక్తం, అంటని హెచ్‌ఐవీ: అపోహలు - వాస్తవాలు

పోయిన నెలలో ఒక ఆటో అన్న హెచ్‌ఐవీ గురించి సలహాలిచ్చి పరీక్షలు చేసే మా ఐసీటీసీ గదికి వచ్చి తలుపు దగ్గరే నిలబడ్డాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు. హసన్‌పర్తి రోడ్డు మీద బండి జారి పడ్డ మనిషిని తన ఆటోలో వేసుకొని వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి చేర్చాడట. ఆ మనిషి బతికి ఇంటికి కూడా వెళ్లాడు. మన అన్నకే తొమ్మిది రోజులుగా తిండి సయించడం లేదు. రక్తం అంటిన చొక్కా కాల్చేశాడు. సీటును ఫినాయిల్‌తో మూడుసార్లు కడిగాడు. రెండేళ్ల కూతురిని ఎత్తుకోవడం మానేశాడు.

"ఆయనకు ఆ రోగం ఉంటే నాకొచ్చినట్టే కద మేడం. నా నుంచి బిడ్డకు అంటితే ఎట్ల?"

చేతికి దెబ్బ ఏమైనా ఉందా అని అడిగాను. చూపుడు వేలి మీద గీత చూపించాడు. పాన జారి గీసుకుపోయిందట, యాక్సిడెంట్ నాటికే పక్కు కట్టిందట.

ల్యాబ్‌లో పన్నెండేళ్లు, ఈ కౌన్సెలర్ కుర్చీలో తొమ్మిదేళ్లు గడిపాను. ఈ ప్రశ్న ఎదురుకాని వారం నాకు గుర్తులేదు. ఒకరికి బస్సు రాడ్డు మీద మరక, ఇంకొకరికి ఏటీఎం మీటల మీద చుక్క. ఎనుమాముల మార్కెట్లో బస్తా ఎత్తుతుంటే పక్క హమాలీ మోచేతి రక్తం తగిలిందని ఒకాయన, బడిలో పిల్లవాడి ముక్కు నుంచి కారిన రక్తం తుడిచానని ఒక టీచరమ్మ. కాబట్టి ముందు దీని సంగతే చూద్దాం. మిగతావాటికి రెండు ముక్కలు చాలు.

అపోహ: ఎవరి రక్తమైనా ఒంటికి తగిలితే హెచ్‌ఐవీ రావచ్చు.

వాస్తవం: రాదు. మన చర్మం పైపొర అంతా చచ్చిన కణాలే. వైరస్‌కు కావాల్సిన సీడీ4 కణాలు, అంటే రోగాలతో పోరాడే ఒక రకం తెల్ల రక్తకణాలు, లోపల ఉంటాయి. చర్మం చెదరనంత వరకు అక్కడికి దారి లేదు. పైగా బయటపడిన రక్తం ఆరుతున్నకొద్దీ అందులోని వైరస్ కూడా చస్తూ ఉంటుంది. మనిషి రక్తంలో ఉండేదానికంటే ఎంతో ఎక్కువ మోతాదు వైరస్‌ను తీసుకొని ల్యాబుల్లో ఆరబెట్టి చూస్తేనే కొన్ని గంటల్లో 90 నుంచి 99 శాతం తగ్గిపోయింది. బస్సు రాడ్డు మీది ఎండిన మరకలో ఇంకేం మిగిలి ఉంటుంది?

"మరి నాకు గీత ఉంది కద?" అని వెంటనే అడుగుతారు. పక్కు కట్టిన గాయం అప్పటికే మూసుకుంది. గోరు పక్కన లేచిన తోలు, పత్తి ఏరేటప్పుడు డిప్పలు గీసిన గీతలు, దోమ కుడితే గోక్కున్న చోటు, ఇవేవీ వైరస్‌కు దారులు కావు. నెత్తురు కారుతున్న లోతైన గాయంలోకి ఇంకొకరి పచ్చి నెత్తురు బాగా పడితే, లేదా కంట్లోకో నోట్లోకో చిమ్మితే మాత్రం వెంటనే డాక్టర్‌ను కలవాలి.

ఆ ప్రమాదం కూడా ఎంతటిదో లెక్క ఉంది. హెచ్‌ఐవీ ఉన్న మనిషికి అప్పుడే వాడిన సూది నర్సు చేతికి గుచ్చుకొని, ఆమె మందులేమీ వాడకపోయినా, వైరస్ సోకే అవకాశం సుమారు 0.3 శాతం. వెయ్యి సార్లు గుచ్చుకుంటే మూడుసార్లు. కంట్లోనో నోట్లోనో పడితే సుమారు 0.09 శాతం.

ఆ గుచ్చుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. 2011లో, వాడిన సూదికి మూత పెట్టబోయి బొటనవేలికి గుచ్చుకున్నాను. మూత పెట్టకూడదని కొత్తవాళ్లకు నేర్పేదాన్ని నేనే! అది పాజిటివ్ మనిషికి వాడిన సూది. అలవాటుకొద్దీ వేలు నోట్లో పెట్టుకోబోతే సీనియర్ ఒకామె చెయ్యి పట్టి కుళాయి కిందికి లాగింది. నోట్లో పెట్టుకోకూడదు, పిండకూడదు, బ్లీచింగ్ పోయకూడదు. సబ్బు, నీళ్లు చాలు. వైరస్ సోకకుండా వేసే మందు మొదటి మాత్ర గంటలోపే వేసుకున్నాను. అప్పట్లో నాకిచ్చింది జిడోవుడిన్, లామివుడిన్. 28 రోజులు ఒకటే వికారం. మా అత్తమ్మకు అసిడిటీ అని చెప్పాను. సిగ్గుపడే మాట ఒకటి చెప్పాలి. ఆ నెలంతా నా మంచినీళ్ల గ్లాసు వేరుగా పెట్టుకున్నాను. గ్లాసుతో అంటదని పగలంతా నలుగురికి చెప్పి, ఇంటికొచ్చి నేను చేసిన పని అది. అందుకే ఆటో అన్న మీద నాకు కోపం రాలేదు.

ఆయన అడిగాడు కాబట్టి టెస్ట్ చేశాం. ఇరవై నిమిషాల్లో నెగెటివ్ వచ్చింది. ఈ రక్తం కోసమైతే రెండో టెస్ట్ అక్కర్లేదని చెప్పాను. "బిడ్డను ఎత్తుకోవచ్చా?" అని మళ్లీ అడిగాడు. పొద్దున్నే ఎత్తుకోవాల్సింది అన్నాను.

నాకు కోపం వచ్చేది వాట్సాప్ పండితుల మీద. అరటిపండులో రక్తం ఎక్కించారట, కూల్‌డ్రింకులో కలిపారట, సినిమా హాల్ సీట్లలో సూదులు పెట్టారట. ఇవన్నీ నేను ఉద్యోగంలో చేరినప్పుడు ఎస్సెమ్మెస్‌లో తిరిగినవే, ఊరి పేరు మారుస్తారు అంతే. పండుతో రాదు, దోమతో రాదు, ఒకే కంచంలో తింటే రాదు, ఒకే బాత్రూం వాడితే రాదు. వేములవాడ కళ్యాణకట్ట అయినా, గల్లీ చివర కటింగ్ షాపు అయినా కొత్త బ్లేడు అడగండి, మంచిదే. అయితే అక్కడ హెచ్‌ఐవీ కంటే కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్-బి గురించి ఆలోచించండి. ఆ వైరస్ ఒంటి బయట కనీసం 7 రోజులు బతుకుతుంది. దానికి మూడు డోసుల టీకా ఉంది. ఇన్నేళ్లలో ఆ టీకా గురించి నన్ను అడిగినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. జాతరలో ఒకే సూదితో వరసగా వేసే పచ్చబొట్టు మాత్రం వద్దు, అక్కడ భయపడటం తప్పేమీ కాదు.

ఇప్పుడు ఈ రక్తం భయం వల్ల జరిగే అసలు నష్టం చెబుతాను. నిద్ర, డబ్బు పోవడం చిన్న విషయాలు.

రెండేళ్ల కింద ఒక డిగ్రీ పిల్లవాడు వచ్చాడు. ఊరు చెప్పను. చెబితే 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం కూడా ఒప్పుకోదు. బస్సు సీటు మీది రక్తం చేతికి అంటిందన్నాడు. రిస్కు లేదని వివరంగా చెప్పి పంపాను. రెండు రోజులకు మళ్లీ వచ్చాడు. ఈసారి రక్తం పచ్చిగా ఉందన్నాడు. మళ్లీ చెప్పాను. మూడోసారి వచ్చేసరికి అరచేతి మరక వేలి మీదికి మారింది. తలుపు దగ్గరకు వేసి, "తమ్మీ, బస్సు సంగతి పక్కన పెట్టు. ఏమైంది?" అన్నాను. ఏడ్చాడు. హైదరాబాద్‌లో, కండోమ్ లేకుండా, పరిచయం లేని మనిషితో. ఎప్పుడు? నా దగ్గరికి మొదటిసారి వచ్చిన ముందు రోజు రాత్రి.

అప్పటికి ఐదు రోజులు దాటాయి. సోకకుండా వేసే మందు 72 గంటల్లోపే మొదలుపెట్టాలి, ఎంత తొందరగా వేసుకుంటే అంత మంచిది. ఒక్క రోజైనా గడవకముందే ఆ పిల్లవాడు నా ఎదురుగా కూర్చున్నాడు. నేనేమో చర్మం గురించి పాఠం చెప్పి పంపించాను.

బస్సు కథ చెబితే పరువు పోదు, రెండో కథ చెబితే పోతుంది. అందుకని భయాన్ని రక్తం మీదికి నెట్టి చెబుతారు. అబద్ధమనుకోకండి, చెప్పగా చెప్పగా వాళ్లే దాన్ని నమ్మేస్తారు. నిజమైన దారులు కొన్నే: కండోమ్ లేని కలయిక, సూదులు పంచుకోవడం, పరీక్ష చేయని రక్తం ఎక్కించడం, తల్లి నుంచి బిడ్డకు. వీటిలో మీది ఏదైనా ఉంటే మొదటి మాటగా అదే చెప్పండి, ఎన్ని గంటలైందో చెప్పండి. మేము ఎవరికీ చెప్పం, తిట్టం. మనిషి ముందు నోరు రాకపోతే హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేయండి, డబ్బులు పడవు. ఇప్పుడు మూడు మందులు కలిపిన ఒకే మాత్ర ఉంది, నా రోజుల్లోలాగా అంత వికారం ఉండదు. మర్నాడే టెస్ట్ చేయించుకొని నెగెటివ్ వచ్చిందని సంబరపడొద్దు, విండో పీరియడ్ ఉంటుంది, అంటే వైరస్ సోకినా కొన్నాళ్లు టెస్టులో కనబడదు. మూడు నెలలకు నెగెటివ్ వస్తే మాత్రం నెగెటివే. ఆ తర్వాత కూడా ఏడు ల్యాబుల రిపోర్టులు ఫైలు కట్టి తెచ్చినాయన ఒకరున్నారు, ఆయనకు కావాల్సింది ఎనిమిదో రిపోర్టు కాదని మానసిక వైద్యుడి దగ్గరికి పంపాను.

ఆ డిగ్రీ పిల్లవాడికి మూడు నెలల తర్వాత నెగెటివ్ వచ్చింది. దాంట్లో నా గొప్ప ఏమీ లేదు, అదృష్టం. ఈ మధ్య వాడే ఇంకొక కుర్రాణ్ని వెంటబెట్టుకొచ్చాడు. "అక్కా, వీనికి బస్సులో రక్తం అంటిందట" అన్నాడు నవ్వాపుకుంటూ. ఆ కుర్రాడు తల వంచుకున్నాడు. ఎన్ని గంటలైంది అని అడిగాను.

నలభై అన్నాడు. డాక్టర్ దగ్గరికి నేనే వెంట వెళ్లాను. మొదటి మాత్ర ఆ సాయంత్రమే వేసుకున్నాడు.