‘తహ్రీఫ్’ వాదం వెనుక 1854 నాటి ఆగ్రా

తెలుగు సంఘాలు తరాలుగా వాడుతున్న బైబిలు సొసైటీ ప్రతిలో యోహాను రాసిన మొదటి పత్రిక అయిదో అధ్యాయం తెరిచి చూస్తే, సాక్ష్యమిచ్చువారు ముగ్గురు, అనగా ఆత్మయు, నీళ్లును, రక్తమును అని కనిపిస్తుంది. 1611లో అచ్చయిన ఇంగ్లీషు కింగ్ జేమ్స్ బైబిలులో అదే చోట వీరితో పాటు ఇంకో ముగ్గురు సాక్షులు కూడా ఉన్నారు: పరలోకంలో తండ్రి, వాక్యము, పరిశుద్ధాత్మ, ఈ ముగ్గురూ ఒక్కటే అని. త్రిత్వాన్ని ఇంత సూటిగా చెప్పే వాక్యం ప్రాచీన గ్రీకు వ్రాతప్రతులలో లేదు. ఎరాస్మస్ 1516లో, 1519లో అచ్చు వేసిన గ్రీకు కొత్త నిబంధనలో దానిని చేర్చలేదు. విమర్శలు వచ్చాక 1522 ముద్రణలో చేర్చాడు. అక్కడినుంచి అది ఇంగ్లీషులోకి వచ్చింది. మన పండితుల మాటలో చెప్పాలంటే అది ప్రక్షిప్తం, అంటే తర్వాత చేర్చినది. ఈ ఒక్క వాక్యాన్ని చేతబట్టుకుని 1854 ఏప్రిల్ 10, 11 తేదీలలో ఆగ్రాలో ఒక మౌల్వీ, ఒక డాక్టరు కలిసి ఒక జర్మన్ మిషనరీని నిలదీశారు. తెలుగులో ఈ రోజు యూట్యూబ్‌లో ముస్లిం వక్తలూ క్రైస్తవ బోధకులూ గ్రంథాల ప్రామాణికత మీద చేసుకుంటున్న వాదప్రతివాదాలలో సగానికి పైగా ప్రశ్నలు ఆ రెండు రోజులలో రూపుదిద్దుకున్నవే అని నా అభిప్రాయం.

వివాదం మూలాలు అంతకంటే చాలా పాతవి. ఖురాన్ తౌరాత్‌నూ (మోషే ధర్మశాస్త్రం) ఇంజీల్‌నూ (యేసు సువార్త) దైవగ్రంథాలుగా గౌరవిస్తుంది. ఇంజీల్ వారు అందులో అల్లాహ్ అవతరింపజేసిన దానిని బట్టి తీర్పు చెప్పాలని అయిదో సూరాలో (అధ్యాయంలో) అంటుంది. అదే ఖురాన్ రెండో సూరాలో, దైవవాక్కును విని అర్థం చేసుకున్న తర్వాత కూడా తెలిసి తెలిసీ మార్చినవారి గురించీ, తమ చేతులతో రాసుకుని ఇది అల్లాహ్ నుంచి వచ్చిందని చెప్పుకున్నవారి గురించీ హెచ్చరిస్తుంది. ఈ మార్చడానికే ‘తహ్రీఫ్’ అని పేరు. మార్చింది మాటలనా, మాటల అర్థాన్నా అన్న విషయంలో ముస్లిం పండితులు మొదటినుంచీ ఏకాభిప్రాయంతో లేరు. అర్థాన్ని వక్రీకరించారన్నవారు కొందరైతే, పదకొండో శతాబ్దపు కార్డోవా పండితుడు ఇబ్న్ హజ్మ్ (994–1064) పాఠమే చెడిందని వాదించి, తౌరాత్‌లోని వంశావళులనూ సంఖ్యలనూ ఒకదానితో ఒకటి పోల్చి పొసగని చోట్లను చూపాడు. అంతకుముందే బాగ్దాదులో ఖలీఫా అల్ మహదీ సమక్షంలో తూర్పు క్రైస్తవ సంఘాధిపతి, పాత్రియార్కు మొదటి తిమోతి జరిపిన సంవాదం, ఆ తర్వాత 1580 నుంచి అక్బరు కొలువులో జెసూట్ పాదిరీల వాదాలు ఈ దారిలోనే సాగాయి. కానీ అవన్నీ కొలువులలో, పండితుల మధ్య జరిగినవి. వీధిలోకి తెచ్చింది పంతొమ్మిదో శతాబ్దం.

1813 చార్టర్ చట్టంతో ఈస్టిండియా కంపెనీ పాలనలోని ప్రాంతాలకు మిషనరీలు రావడానికి దారి తెరుచుకుంది. ఆగ్రా అప్పుడు వాయవ్య రాష్ట్రాలకు రాజధాని. 1837–38 కరువులో అనాథలైన పిల్లల కోసం దాని శివార్లలోని సికంద్రాలో మిషను అనాథాశ్రమం వెలసింది, దానితోపాటు అచ్చుయంత్రమూ వచ్చింది. లిథో ముద్రణ చవక కావడంతో ఉర్దూ, ఫార్సీ కరపత్రాలు బజారుల్లో చేతులు మారసాగాయి. 1841లో అక్కడికి చేరిన కార్ల్ గోట్లీబ్ ఫాండర్ (1803–1865) వుర్టెంబర్గులో పుట్టి, బాజెల్‌లో శిక్షణ పొంది, కాకసస్ ప్రాంతంలోని షూషాలో పని చేస్తూ ఫార్సీ నేర్చినవాడు. ‘మీజానుల్ హక్’, అంటే ‘సత్యపు త్రాసు’, అన్న ఆయన పుస్తకం ఉర్దూలోకి కూడా వచ్చి ఉత్తరాది ఉలమాను (ముస్లిం మత పండితులను) కలవరపెట్టింది.

ఆ పుస్తకంలోని తర్కం గట్టిది. ఖురాన్ పూర్వ గ్రంథాలను ధ్రువపరుస్తోంది గనుక, ముహమ్మద్ ప్రవక్త కాలానికి అవి చెడకుండా ఉండాలి. ఆ తర్వాత చెడ్డాయందామా అంటే, ప్రవక్త కంటే ముందు శతాబ్దాలలో రాసిన గ్రీకు ప్రతులు యూరపులో భద్రంగా ఉన్నాయి, నేటి బైబిలు వాటితో సరిపోతుంది. కాబట్టి తహ్రీఫ్ ముందూ జరగలేదు, వెనకా జరగలేదు. ఇలాంటి వాదానికి ‘మా పెద్దలు అలా చెప్పారు’ అన్న జవాబు చాలదని ముందుగా గ్రహించినవాడు అప్పటి ముజఫర్‌నగర్ జిల్లా కైరానాకు చెందిన మౌలానా రహ్మతుల్లా (1818–1891). ఆయనకు ఇంగ్లీషు రాదు. ఆ లోటు తీర్చినవాడు ఆగ్రా ఆసుపత్రిలో సబ్ అసిస్టెంట్ సర్జన్‌గా ఉన్న డాక్టర్ వజీర్ ఖాన్. ఇంగ్లండు వెళ్లినప్పుడు వజీర్ ఖాన్ బైబిలు విమర్శ గ్రంథాలను సేకరించుకుని వచ్చాడు. సువార్తల కర్తృత్వం గురించీ, కాలం గురించీ, పాఠభేదాల గురించీ యూరపు పండితులు తమలో తాము చేసుకున్న చర్చ అంతా ఆ పుస్తకాలలో ఉంది. ఫాండర్ దగ్గర, వారిలోని జర్మన్ విమర్శకులను అనుమానంగా చూసే పయటిజం అనే ప్రొటెస్టెంట్ భక్తి ఉద్యమపు నేపథ్యం తప్ప, వాళ్లకు జవాబు చెప్పే సామగ్రి పెద్దగా లేదు.

మునాజరా, అంటే బహిరంగ వాదం, మిషను ఆవరణలోనే జరిగింది. ఫాండర్ పక్కన, తర్వాతి కాలంలో లాహోరుకు బిషప్ అయిన థామస్ వాల్పీ ఫ్రెంచ్ కూర్చున్నాడు. రహ్మతుల్లా పక్కన వజీర్ ఖాన్. కంపెనీ అధికారులు, నగర ఉలమా, హిందువులు శ్రోతలుగా వచ్చారు. రెండో రోజు జనం మరింత పెరిగారు. నస్ఖ్ (ఒక ఆజ్ఞ మరో ఆజ్ఞను రద్దు చేయడం), తహ్రీఫ్, త్రిత్వం, ముహమ్మద్ ప్రవక్తృత్వం, ఖురాన్ అని అయిదు అంశాలు ఒప్పుకున్నారు గానీ మొదటి రెండూ దాటి ముందుకు పోలేదు. నస్ఖ్ దగ్గర రహ్మతుల్లా, రద్దయ్యేవి ఆజ్ఞలే తప్ప వృత్తాంతాలూ విశ్వాసాలూ కావని, మోషే ధర్మశాస్త్రంలోని ఆహార నియమాలను క్రైస్తవులే పక్కన పెట్టారు గదా అని అడిగాడు. తహ్రీఫ్ దగ్గర యోహాను పత్రికలోని ఆ వాక్యం బయటికి వచ్చింది. అది తర్వాత చేరినదని ఫాండర్ ఒప్పుకున్నాడు. అలాంటివి ఇంకా ఏడెనిమిది చోట్ల ఉన్నాయని కూడా ఒప్పుకున్నాడని ముస్లింల పక్షం నమోదు చేసింది. సభలో ఉన్న ముస్లిం శ్రోతలకు అక్కడితో వాదం ముగిసినట్టే.

ఫాండర్ నిజాయితీగానే ఒప్పుకున్నాడు, ఓడిపోయానని మాత్రం అనుకోలేదు. రెండు పక్షాలూ ‘గ్రంథం’ అన్న ఒకే మాటతో రెండు వేర్వేరు వస్తువులను ఉద్దేశించడం వల్లనే ఇలా జరిగింది. ముస్లిం దృష్టిలో వహీ, అంటే ప్రవక్తకు అవతరించిన దైవవాణి, అక్షరం అక్షరమూ దేవుని మాట. అందులో మనిషి చేయి పడిన ఒక్క వాక్యం దొరికితే, ఏది అసలు ఏది చేర్పు అని తేల్చే ప్రమాణం వెలుపల నుంచి రావాలి గనుక, గ్రంథం సాక్ష్యంగా నిలవదు. క్రైస్తవ దృష్టిలో లేఖనం దైవావేశంతో మనుషులు రాసినది. లేఖరులు నకలు తీసేటప్పుడు దొర్లే తప్పులు వేల ప్రతులను పోలిస్తే బయటపడతాయి, ముఖ్య సిద్ధాంతానికి భంగం కలగనంతవరకూ దానిని చెడిపోవడం అనరు. పాఠభేదం ఉందంటే తహ్రీఫ్ జరిగినట్టేనా అన్నదే నిజానికి ఆ రోజు తేలవలసిన ప్రశ్న. దానిని ఎవరూ విడిగా తీసి బల్ల మీద పెట్టలేదు. ఇద్దరూ తామే గెలిచామని చెప్పుకుంటూ ఎవరి వృత్తాంతాన్ని వారు అచ్చు వేయించుకున్నారు.

మూడేళ్లకు 1857 తిరుగుబాటు వచ్చింది. అందులో పాల్గొన్న రహ్మతుల్లా ఆస్తులను ప్రభుత్వం జప్తు చేయగా ఆయన మక్కాకు తప్పించుకుపోయాడు. వజీర్ ఖాన్ కూడా అక్కడికే చేరాడు. ఫాండర్ పెషావరు మీదుగా 1858లో ఇస్తాంబుల్ వెళ్లాడు. 1864లో సుల్తాన్ అబ్దుల్ అజీజ్ ఆహ్వానం మీద రహ్మతుల్లా అదే నగరానికి వచ్చి, ఆగ్రా వాదాన్ని విస్తరించి ‘ఇజ్‌హారుల్ హక్’ (సత్యాన్ని వెల్లడించడం) అనే గ్రంథాన్ని అరబ్బీలో రాశాడు. అది తుర్కీ, ఫ్రెంచి, ఉర్దూ, గుజరాతీ భాషలలోకి వెళ్లింది. డర్బను దగ్గర ఒక దుకాణంలో పని చేస్తూ, పక్కనే ఉన్న మిషను విద్యార్థుల ప్రశ్నలకు జవాబు తెలియక బాధపడుతున్న గుజరాతీ యువకుడు అహ్మద్ దీదాత్‌కు (1918–2005) సామాన్ల గదిలో దొరికిన పాత పుస్తకం ఇదే. 1986లో ఆయన అమెరికాలో టీవీ బోధకుడు జిమ్మీ స్వాగర్ట్‌తో జరిపిన వాదం వీడియో క్యాసెట్లుగా ప్రపంచమంతా తిరిగింది. తెలుగు వక్తలు చూపే వైరుధ్యాల జాబితాలు చాలావరకు దీదాత్ గారివి, ఆయనకు రహ్మతుల్లా గారివి, వారికి వజీర్ ఖాన్ తెచ్చిన యూరపు పుస్తకాలవి.

ఇటీవల ప్రశ్న రెండో వైపుకు తిరిగింది. ఖలీఫా ఉస్మాన్ ప్రామాణిక ప్రతి తయారు చేయించి మిగిలినవాటిని కాల్పించాడన్న హదీసును, 1972లో యెమెన్‌లోని సనా పెద్ద మసీదులో దొరికిన, చెరిపి మళ్లీ రాసిన ఖురాన్ తోలుప్రతిని క్రైస్తవ వాదులు ముందుకు తెస్తున్నారు. రోజూ నమాజులో చదివే ఫాతిహాలోనే (ఖురాన్ మొదటి సూరా) ఎక్కువ దేశాలలో చదివే హఫ్స్ పఠనంలో ‘మాలికి యౌమిద్దీన్’ (తీర్పు దినానికి యజమాని) అని దీర్ఘం ఉండగా, ఉత్తరాఫ్రికాలో చదివే వర్ష్ పఠనంలో ‘మలికి’ (రాజు) అని హ్రస్వం ఉంటుంది. ముస్లిం పండితులకు ఇది కొత్త సంగతి కాదు; రెండూ ప్రవక్త నుంచి గురుపరంపరగా వచ్చిన పఠనాలేనని, చేర్పులు కావని వారి సమాధానం. పాఠభేదం ఉంటే గ్రంథం చెడినట్టే అన్న కొలమానాన్ని ఒకప్పుడు అవతలివారి మీద పెట్టినవారు, ఇప్పుడు ‘భేదం వేరు, చెడిపోవడం వేరు’ అని ఫాండర్ చెప్పిన మాటకు దగ్గరగా మాట్లాడవలసి వస్తోంది. ఫాండర్ వారసులేమో రహ్మతుల్లా కొలమానాన్ని పట్టుకున్నారు.

ఆగ్రా తర్వాత ఇంకో దారి కూడా కనిపించింది. అప్పటికి బ్రిటిష్ ప్రభుత్వ కొలువులో న్యాయాధికారిగా ఉన్న సయ్యద్ అహ్మద్ ఖాన్, 1862లో గాజీపూరులో బైబిలుకు ఉర్దూలో వ్యాఖ్యానం అచ్చు వేయడం మొదలుపెట్టారు. ముస్లిం అయి ఉండి బైబిలు పాఠాన్ని గౌరవంతో వచనం వచనంగా చదివి, చెడింది ప్రధానంగా అర్థమే గాని పాఠం కాదని వాదించారు. ఉలమా ఆయనను మెచ్చలేదు, మిషనరీలు పెద్దగా పట్టించుకోలేదు. ఆ వ్యాఖ్యానం ఆదికాండం తొలి అధ్యాయాలు, మత్తయి సువార్త తొలి అధ్యాయాలు దాటకుండా ఆగిపోయింది.