పట్టాల పని: జనం అనుకునేదీ, అక్కడ జరిగేదీ

కాజీపేట–బల్లార్షా సెక్షన్‌లో పట్టాలు బాగుచేసే గ్యాంగ్‌మన్‌గా చేరి, ఆ గ్యాంగ్‌కు పెద్దగా, అంటే మేట్‌గా రిటైరయ్యాను. ఇప్పుడు హన్మకొండలో ఉంటున్నాను. రెండేళ్ళ కింద ఇంగ్లండ్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు, అల్లుడు "మామయ్యా, మీకు నచ్చుతుంది రండి" అంటూ వేల్స్ కొండల్లో నడిచే ఒక చిన్న ఆవిరి రైలు చూపించడానికి తీసుకుపోయాడు. వచ్చినవాళ్ళంతా ఇంజను చుట్టూ మూగారు. నా కళ్ళు మాత్రం పట్టాల మీదికే పోయాయి. ప్లాట్‌ఫారం దాటాక నలుగురు నారింజ రంగు జాకెట్లు వేసుకుని పట్టా కొసలు కలిసే ఒక జాయింట్ కింద కంకర కుక్కుతున్నారు. అడిగితే తెలిసింది, అందులో ఎవరికీ జీతం లేదు. ఒకాయన బడిపంతులు, ఒకావిడ నర్సుగా చేసి రిటైరైంది. ఆ తర్వాత వరుసగా ఆరు ఆదివారాలు నేనూ వాళ్ళతో కలిసి పనిచేశాను.

తిరిగొచ్చాక ఈ ముచ్చట ఎక్కడ చెప్పినా జనం దగ్గర్నుంచి అవే మాటలు వస్తున్నాయి. వాటికి నాకు తెలిసిన జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: జీతం లేని పని కదా, తోచినప్పుడు వచ్చి తోచింది చేసి పోతారు.

వాస్తవం: మొదటి ఆదివారం నన్ను బీటర్, అంటే కంకర కుక్కే పనిముట్టు, ముట్టుకోనివ్వలేదు. ముప్పయ్యేళ్ళకు పైగా సర్వీసు ఉందని చెప్పాను. చాలా సంతోషించారు, చేయి కలిపారు, అయినా సరే కూర్చోబెట్టి భద్రతా పాఠం చెప్పారు. బండి వస్తే ఎటు తప్పుకోవాలి, పనిముట్లు ఎక్కడ పెట్టాలి, ఎవరి మాట వినాలి అన్నీ చెప్పాక ప్రశ్నలు అడిగారు. నాకు కోపం రాలేదు. మా గ్యాంగ్‌లోకి కొత్తవాడొస్తే నేనూ అదే చేసేవాడిని. బ్రిటన్‌లో 1974 నాటి ఆరోగ్య, భద్రతా చట్టం ఈ రైళ్ళకూ వర్తిస్తుంది. దేశంలోని పెద్ద రైళ్ళను తనిఖీ చేసే ప్రభుత్వ సంస్థే వీటినీ తనిఖీ చేస్తుంది. వాలంటీర్లు వేశారు కదా అని కొలతల్లో ఎవరూ మినహాయింపు ఇవ్వరు.

ఇలాంటి వాలంటీర్లు చేసిన పని కూడా చిన్నది కాదు. ప్రపంచంలోనే మొదటిసారి వాలంటీర్లు కాపాడుకున్న రైలు మార్గం వేల్స్‌లోని తాలిల్లిన్. 1865లో పలకరాయి మోయడానికి మొదలైన ఆ లైను మూతపడబోతుంటే, 1951లో మామూలు జనం చేతుల్లోకి తీసుకున్నారు. అప్పటికి పట్టాల మీద గడ్డి ఎంతగా అల్లుకుపోయిందంటే, ఆ గడ్డే పట్టాలను గేజులో, అంటే రెండు పట్టాల మధ్య ఉండాల్సిన దూరంలో, పట్టి ఉంచిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇక ఫెస్టినియోగ్ లైనుది ఇంకో కథ. కరెంటు తయారీ కోసం కట్టిన జలాశయంలో పాత దారి మునిగిపోయింది. 1965లో వాలంటీర్లు కొత్త దారి మొదలుపెట్టి, కొండ ఎక్కడానికి లైనును గుండ్రంగా తిప్పి తన మీదుగానే దాటించారు. 1978కి జలాశయం అవతలికి, 1982కి చివరి స్టేషన్‌కు బండ్లు చేరాయి. అందులో సొరంగం తవ్వడానికి మాత్రం జీతమిచ్చి గని పనివాళ్ళను పెట్టుకున్నారు. తమ చేతనయ్యే పని ఏది, కానిది ఏది అన్నది వాళ్ళకు తెలుసు. నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి అదే.

అపోహ: చిన్న గేజు, నిమ్మళంగా పోయే బండి. పట్టా కొంచెం అటూ ఇటూ ఉన్నా ఏం కాదు.

వాస్తవం: నేనూ కొంతవరకు ఇలాగే అనుకుంటూ వెళ్ళాను. అక్కడికి వెళ్ళాక లెక్క వేసుకుంటే అర్థమైంది. మన బ్రాడ్‌గేజు 1676 మిల్లీమీటర్లు. ఫెస్టినియోగ్ గేజు 597. ఒక పట్టా రెండోదానికంటే 10 మిల్లీమీటర్లు కిందికి దిగిందనుకోండి. మన పెట్టె ఎంత ఒరుగుతుందో, ఆ చిన్న గేజు మీద పెట్టె అంతకు రెండున్నర రెట్లకు పైగా ఒరుగుతుంది. అంటే గేజు తగ్గే కొద్దీ లెవెల్ ఇంకా జాగ్రత్తగా చూడాలి.

నిమ్మళంగా పోతే పట్టా తప్పదన్నది కూడా నిజం కాదు. మన యార్డుల్లో నడక వేగంతో పోయే వ్యాగన్లు దిగిపోవడం గ్యాంగ్‌లో పనిచేసిన వాళ్ళందరూ చూసే ఉంటారు. ఎక్కువసార్లు కారణం ట్విస్ట్. కొద్ది దూరంలోనే ఒకచోట ఎడమ పట్టా కిందికి, ఇంకోచోట కుడి పట్టా కిందికి ఉంటే, నాలుగు చక్రాల్లో ఒకదాని మీద బరువు తగ్గిపోతుంది. తేలిక పడిన ఆ చక్రం అంచు పట్టా మీదికి ఎక్కేస్తుంది. దానికి వేగం అక్కర్లేదు. అక్కడి పాత లైన్లలో చాలా వాటికి గరిష్ఠ వేగం గంటకు 25 మైళ్ళు, అంటే 40 కిలోమీటర్లు. అయినా లెవెల్ పుస్తకంలో అంకెలు రాయని రోజు ఉండదు.

అపోహ: ఇది కండబలం ఉన్నవాళ్ళ పని.

వాస్తవం: 52 కిలోల పట్టా అంటే మీటరుకు 52 కిలోలు. 13 మీటర్ల ముక్క 676 కిలోలు ఉంటుంది. దాన్ని ఏ పహిల్వాన్ ఒక్కడూ ఎత్తలేడు. చుట్టూ మనుషులు నిలబడి, పట్టుకార్లు వేసి, ఒకే గొంతు చెప్పినట్టు ఒకేసారి ఎత్తి, ఒకేసారి దించాలి. మనకు ఆ గొంతు "ఐలేసా" అంటుంది, అక్కడ వేరే మాట. రెండు గొంతులు లేస్తే మాత్రం ఎవరి కాలో నలుగుతుంది.

బలం కంటే కన్ను ముఖ్యం. ఆ నర్సమ్మకు డెబ్భై దాటి ఉంటాయి. జాయింట్ నుంచి ఇరవై అడుగులు వెనక్కి పోయి, కంకర మీద మోకాళ్ళు ఆన్చి, చెంప పట్టాకు తగిలేలా వంగి, ఒక కన్ను మూసి చూసింది. పట్టా అంచు మీద వెలుగు గీత ఎక్కడ వంగుతుందో అదే గుంట. తల ఎత్తకుండానే అరచేయి పైకి తిప్పి రెండుసార్లు ఊపింది. జాక్ దగ్గర ఉన్నది నేనే. ఎవరూ నాకు అర్థం చెప్పనక్కర్లేకపోయింది. "ఇంకొంచెం లేపు" అన్న సైగ. మా మేట్ నాకు నేర్పింది అదే చేయి, అదే ఊపు. అరచేయి నేలకు అడ్డంగా తిప్పగానే ఆపేశాను.

అపోహ: పట్టాల కింద అడ్డంగా వేసే స్లీపర్ కింద కంకర ఎంత కుక్కితే అది అంత గట్టిగా కూర్చుంటుంది.

వాస్తవం: ఎక్కడ కుక్కాలో తెలిసి కుక్కాలి. పట్టా కూర్చునే చోటు కింద, దానికి రెండు పక్కలా కొట్టాలి. స్లీపర్ నడుమ వదులుగా ఉంచాలి. నడుమ కూడా గట్టిగా కొడితే కొన్నాళ్ళకు చివర్లు దిగిపోయి, స్లీపర్ మధ్యలో ఆని తక్కెడలా ఊగుతుంది. చెక్కదైతే చీలుతుంది కూడా. కింద ఖాళీ ఉందో లేదో చెవికి తెలుస్తుంది. గడ్డపార వెనక కొసతో తడితే గట్టిగా కూర్చున్న స్లీపర్ ఖంగుమంటుంది, ఆడుతున్నది డొల్లగా పలుకుతుంది.

కంకర ఏదైనా ఒకటే అనుకోవడమూ తప్పే. గోదావరి గుండ్రాళ్ళు వేస్తే ఒకదాని మీద ఒకటి జారిపోతాయి. పగలగొట్టిన రాయి కోణాలు ఒకదానిలో ఒకటి ఇరుక్కోవాలి, మధ్య నుంచి నీళ్ళు దిగిపోవాలి. మన నల్లరేగడిలో వానాకాలం బురద కంకరలోంచి పైకి ఉబికి వస్తుంది. వేల్స్‌లో ఏడాదంతా వానే. ఆరు ఆదివారాల్లో రెండు పూర్తిగా కాలువల పూడిక తీయడానికే పోయాయి. ఫొటోల్లో ఎక్కని పని ఇది.

అపోహ: పట్టాల మధ్య గ్యాప్ ఉందంటే పని సరిగా చేయలేదని.

వాస్తవం: ఈ మాట వింటే మాత్రం నాకు టెన్షన్ వస్తుంది, ఎందుకంటే కుర్రతనంలో నేనూ ఇలాగే అనుకున్నాను. చేరిన కొత్తలో ఒక సైడింగులో, అంటే పక్క లైనులో, జాయింట్ బోల్టులన్నీ బలం కొద్దీ బిగించి, శభాష్ అంటారని ఎదురుచూశాను. మా మేట్ వచ్చి ఏమీ అనలేదు. అన్నీ మళ్ళీ విప్పించి, పట్టా కొసలను కలిపి పట్టే ఫిష్‌ప్లేట్లు దించి, పాత జిడ్డు గీకించి, కొత్త గ్రీజు పూయించాడు. ఆ తర్వాత చెప్పాడు.

13 మీటర్ల పట్టా వేడి 40 డిగ్రీలు పెరిగితే దాదాపు 6 మిల్లీమీటర్లు సాగుతుంది. రామగుండంలో మే నెల మధ్యాహ్నం పట్టా మీద చేయి పెట్టలేం. సాగే పట్టాకు చోటుండాలి, ఫిష్‌ప్లేటు లోపల జారాలి. జాయింట్ బిగుసుకుపోతే ఆ బలమంతా పక్కకు తంతుంది, లైను పాములా వంకర తిరుగుతుంది. అందుకే చలికాలంలో జాయింట్లు విప్పి గ్రీజు పెడతారు. అక్కడ ఎండ తక్కువే, అయినా ఆ పని వదలరు. వెల్డింగ్ చేసిన పొడవాటి పట్టాలకు పద్ధతి వేరు. వాటిని తగిన వేడి దగ్గర స్లీపర్లకు బిగించి, చుట్టూ నిండా కంకర పోసి కదలకుండా ఆపుతారు. అందుకే వేసవిలో వాటి దగ్గర కంకర తవ్వకూడదు.

అపోహ: పాత రైలంటే పట్టాలన్నీ ఆనాటివే.

వాస్తవం: మా కాజీపేట–బల్లార్షా లైను 1929లో పూర్తయింది. ఇవాళ దాని మీద 1929 నాటి పట్టా లేదు, స్లీపర్ లేదు. అక్కడా అంతే. పుచ్చిన చెక్క తీసి కొత్తది పెడుతూనే ఉంటారు. చెక్కే ఎందుకంటే, చిన్న గేజు చెక్క స్లీపర్‌ను ఇద్దరు మోయగలరు. మన బ్రాడ్‌గేజు కాంక్రీట్ స్లీపర్ 250 కిలోల పైమాటే, దానికి మిషన్ కావాలి.

అపోహ: మనం కూడా నలుగురం కలిసి ఇక్కడ పట్టాలు బాగుచేసుకోవచ్చు.

వాస్తవం: వద్దు. రైల్వే చట్టం 1989, సెక్షన్ 147 ప్రకారం అనుమతి లేకుండా పట్టాల మీదికి పోవడం నేరం. నేరం సంగతి అటుంచితే, ప్రాణాలు పోతాయి. డార్జిలింగ్, నీలగిరి, కాల్కా–సిమ్లా కొండ రైళ్ళను నడిపేది రైల్వే ఉద్యోగులే, పట్టాలు చూసేదీ వాళ్ళే.

పిల్లల దగ్గరికి బ్రిటన్ వెళ్ళే రిటైరైన రైల్వే అన్నలకు మాత్రం ఒక మాట. విజిటర్ వీసా మీద, రిజిస్టరైన ధార్మిక సంస్థకు మాత్రమే, మొత్తం 30 రోజులు దాటకుండా వాలంటీరుగా పనిచేయొచ్చు. వెళ్ళకముందే పిల్లలతో మెయిల్ పెట్టించండి, బీపీ, షుగర్ ఉంటే దాచకుండా చెప్పండి. ఇనుప ముక్కు బూట్లు ఇక్కడే కొనుక్కుని పోతే డబ్బు కలిసొస్తుంది. ఇంగ్లీషు రాదని వెనకాడకండి. నాకు వచ్చిన నాలుగు ముక్కలూ చాయ్ దగ్గరే పనికొచ్చాయి, జాయింట్ దగ్గర ఆ నర్సమ్మ చేయి చూస్తే చాలింది.